పాయింట్లు లెక్కపెట్టే సంఘాలకు ఒక మాట

పంతుళ్ల సంఘాలంటే జీతాలు, బదిలీలు, డీఏ బకాయిలు తప్ప ఇంకేమీ పట్టవని ప్రకాశం జిల్లా దర్శిలో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా వినిపిస్తుంది. అందులో సగమే నిజం.

2022 జూన్‌లో వచ్చిన జీవో 117 గుర్తుందా? ఊరి బడిలోని 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూలుకు తరలించిన ఉత్తర్వు అది. చాలా ఊళ్లలో బడికి రెండు తరగతులు, ఒక్క టీచరు మిగిలారు. ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటి హైస్కూలుకు నడవాల్సి వచ్చింది. ఒకరి పొడ ఒకరికి గిట్టని ఎస్టీయూ, ఏపీటీఎఫ్, యూటీఎఫ్ సంఘాలు కూడా దీన్ని ఒక్కగొంతుతో ఎదిరించాయి. పోస్టులు పోతాయన్న భయం వాళ్లకు లేదా అంటే, ఉంది. ఉంటే తప్పేమిటి? టీచరు భయం, తల్లి భయం అప్పుడు ఒకటయ్యాయి. చాలాచోట్ల తల్లిదండ్రులే బడి ముందు కూర్చున్నారు. ప్రభుత్వం మారాక, 2025లో ఆ జీవో రద్దయింది. తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ బడులు వచ్చాయి.

జీవో 117కు నాలుగు నెలల ముందు, 2022 ఫిబ్రవరి 3న, వేతన సవరణ (పీఆర్సీ) కోసం ఉద్యోగులు, టీచర్లు పోలీసులను దాటుకుని విజయవాడను నింపేశారు. జనం టీవీలో చూశారు, అంతే. ఆ పోరాటం న్యాయమైనదే. కానీ మిరప కోతకు వెళ్లే కూలీకి అందులో తనది అనుకోవడానికి ఏమీ కనిపించలేదు.

ఇక బదిలీలు. ఇంటి అద్దె భత్యం ఎక్కువున్న పట్నంలో పనిచేస్తే ఏడాదికి 1 పాయింటు, మారుమూల ఊళ్లో పనిచేస్తే 5. కష్టమైన చోట చేసినవారికి మేలు జరగాలన్నది ఉద్దేశం, మంచిదే. కానీ ఆ మేలు ఊరు వదిలి వెళ్లడానికే పనికొస్తోంది. ఆ ఊళ్లోనే ఉండిపోతానన్న టీచరుకు దక్కేదేమిటి? ఈ ప్రశ్న ఏ సంఘం మహాసభలోనూ గట్టిగా వినిపించదు. ఒక్క పాయింటు తేడా వస్తే మాత్రం డీఈఓ ఆఫీసు దద్దరిల్లుతుంది.

ఈ తీరుకు సంఘాలు మూల్యం కూడా చెల్లించాయి. మన ప్రకాశం ఉన్న తూర్పు రాయలసీమ ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానంలో ఏళ్ల తరబడి సంఘాల బలంతో విఠపు బాలసుబ్రహ్మణ్యం గెలిచారు. 2023 మార్చిలో ఆ స్థానం అప్పటి అధికార పార్టీకి పోయింది. డబ్బు పంచారంటారు. పంచారే అనుకుందాం, తీసుకున్నదెవరు? అక్కడ ఓటర్లు టీచర్లే కదా.

టీచరు, తల్లి మళ్లీ ఒకటయ్యే పని ఒకటి ఉంది. సంక్రాంతి దాటితే మిరప కోతలు మొదలవుతాయి. పశ్చిమ ప్రకాశం ఊళ్ల నుంచి కూలీలు పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు, పల్నాడు చేలకు బయల్దేరతారు. పరీక్షల ముందు తరగతి గదిలో బెంచీలు ఖాళీ అవుతాయి. ఊళ్లోనే పిల్లల్ని ఉంచి అన్నం పెట్టి చదివించే సీజనల్ హాస్టళ్లు సమగ్ర శిక్షలో ఉన్నాయి. అవి వేళకు తెరుచుకోవాలి, సరుకులు వేళకు రావాలి. ఏ ఇంటి వాళ్లు వలస పోతారో డిసెంబరులోనే తెలిసేది టీచరుకే.

దర్శి, దొనకొండ, కురిచేడు, ముండ్లమూరు, తాళ్లూరు మండలాల సంఘ నాయకులారా, ఈ డిసెంబరులో ఎంఈఓకు ఇచ్చే వినతిపత్రంలో సీజనల్ హాస్టళ్లను మొదటి డిమాండుగా రాయండి. డీఏ బకాయిలు రెండోది రాసుకోండి.