దవడ ఆపరేషన్‌కు ముహూర్తం ఎముక పెట్టాలి



కింది దవడ ముందుకు వచ్చినా, పై దవడ లోపలికి పోయినా, ముందరి పళ్లు కలవకపోయినా మన ఇళ్లలో రెండే మాటలు వింటాం. చిన్నప్పుడు "పెద్దయితే సర్దుకుంటుందిలే" అంటాం. సంబంధాలు చూడటం మొదలయ్యాక "త్వరగా ఏదో ఒకటి చేయించండి" అంటాం. దవడ సరిచేయడానికి మొత్తం రెండేళ్ల దాకా పడుతుందనీ, ఆ రెండేళ్లూ ఇంటివాళ్లకు కూడా పని ఉంటుందనీ మాత్రం మనలో ఎవరూ చెప్పుకోరు.

ముందుగా ఒక మాట. దీన్ని మనం "బ్యూటీ ఆపరేషన్" అనడం మానుకోవాలి. ముందరి పళ్లతో మురుకు కొరకలేని పిల్లలు ఉన్నారు. స, శ పలకడం కష్టమయ్యేవాళ్లు ఉన్నారు. కొందరికి నిద్రలో ఊపిరి ఆడదు. ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేసే చికిత్సకు డబ్బు ఇవ్వవు. ఆరోగ్యానికి అవసరమని డాక్టరు రాసి ఇవ్వాలి, బీమా కంపెనీ ఒప్పుకోవాలి. ఆ ఉత్తరాలు రెండూ ఆపరేషన్‌కు ముందే చేతికి రావాలి. మనమే నోటితో "అందం కోసం" అని చెప్పుకుంటే కౌంటర్లో ఉన్నవాళ్లు అదే రాసుకుంటారు.

ఇక పని వరుస. ముఖం ఎముకలు ఎదగడం ఆగాకే సాధారణంగా ఈ ఆపరేషన్ చేస్తారు. దానికి ముందు పళ్లకు క్లిప్పులు వేసి ఏడాది, ఏడాదిన్నర సర్దుతారు. ఆ నెలల్లో పళ్ల వరుస ముందుకన్నా వికారంగా కనబడవచ్చు. అది చూసి భయపడి డాక్టరును మార్చకండి, కొత్త స్థానంలో దవడ కూర్చోవడానికే అలా సర్దుతారు. జ్ఞానదంతాలు అడ్డం వస్తే చాలామంది డాక్టర్లు కొన్ని నెలల ముందే తీసేస్తారు. ఆపరేషన్ నోటి లోపలి నుంచే జరుగుతుంది. ఎముకను కోసి, జరిపి, టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. క్లిప్పులు ఆ తరువాత కూడా కొన్ని నెలలు ఉంటాయి.

పై దవడ ముందుకు జరిపినా కళ్ల కింద చెంపలు లోతుగానే ఉండిపోతాయనిపిస్తే చెంప ఎముక మీద అతుకు పెడతారు. దానికి ఎముకను ఒక్కోసారి తుంటి దగ్గర నుంచి తీస్తారు, కొన్నిచోట్ల కృత్రిమ పదార్థం వాడతారు. తుంటి నుంచి తీస్తే ముఖం కన్నా నడకే ఎక్కువ బాధ పెట్టవచ్చు. పెట్టిన ఎముకలో కొంత భాగాన్ని శరీరం కరిగించుకోవచ్చు. కృత్రిమమైనదానికి చీము పడితే తీసేయవలసి రావచ్చు. అతుకు ఎక్కడి నుంచి, ఎందుకు, అది లేకుండా కుదరదా అని ముందే అడగాలి.

అడగడానికి మనకు భాష అడ్డం వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆసుపత్రి కాగితం ఇంగ్లీషు. మా తరంవాళ్లం చాలామందిమి ఆపరేషన్ నాటి ఉదయం చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తాం. ఆ కాగితాన్ని వారం ముందే అడిగి తెచ్చుకుని, తెలిసిన పిల్లల చేత ఇంట్లో చదివించుకోవాలి. కింది పెదవి, గడ్డం మొద్దుబారడం అందులో తప్పక ఉంటుంది. చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇంటికి వచ్చాక అసలు పని వంటింట్లో ఉంటుంది. సుమారు ఆరు వారాలు నమలకూడదు. రాగి కూళు, పప్పుకట్టు, మిక్సీలో వేసి వడగట్టిన రసం అన్నం, పాలు, మజ్జిగ కొంచెం కొంచెంగా రోజుకు ఆరేడు సార్లు ఇవ్వాలి. బరువు తగ్గుతారు, కాబట్టి గంజి ఒక్కటే చాలదు, పప్పు, పాలు బాగా ఉండాలి. చిన్నపిల్లల బ్రష్షుతో నోరు శుభ్రం చేసుకోవాలి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. పై దవడ జరిపినవాళ్లు డాక్టరు సరేననేదాకా ముక్కు చీదకూడదు. చెంపకు అతుకు వేసినవాళ్లు ఆ వైపు ఒత్తిగిలి పడుకోకూడదు.

వాపు రెండు మూడు రోజులకు బాగా పెరిగి తరువాత మెల్లగా దిగుతుంది. అద్దంలో తన ముఖమే తనకు కొత్తగా ఉంటుంది, నోరు సరిగా తెరవలేరు. ఆ వారాల్లో దిగులు పడటం మామూలే. సరిగ్గా అప్పుడే మనం హార్లిక్స్ సీసా పట్టుకుని వెళ్లి "అయ్యో, ఇలా అయిపోయావేమమ్మా" అంటాం. రెండు వారాలు ఎవరూ వెళ్లకండి. వెళ్లినా ముఖం గురించి మాట ఎత్తకండి.

ఇప్పుడు పెళ్లి సంగతి. తై నెల ముహూర్తం అనుకుని పురటాసిలో ఆపరేషన్ పెట్టుకుందామనే లెక్క మన ఇళ్లలో సహజం. నాలుగు నెలలకు పెదవి మొద్దుబారి ఉండవచ్చు, పళ్లకు క్లిప్పులు ఉండవచ్చు, మిగిలిన కొద్ది వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది కూడా పట్టవచ్చు. రైల్వేలో పట్టాల పనికి లైన్ బ్లాక్ తీసుకుంటే, పని ముగిసిందని రాతపూర్వకంగా వచ్చేదాకా ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ అయినా ఆగవలసిందే. ఎముకకూ ఆ మర్యాద ఇవ్వాలి.

"చెబితే సంబంధం తప్పిపోతుంది" అంటారు. తప్పిపోవచ్చు, కాదనం. కానీ దాచి చేసిన పెళ్లిలో ఆ పిల్ల ప్రతి పాత ఫోటోకూ భయపడుతూ బతకాలి. ఇది అబ్బాయిలకూ వర్తిస్తుంది. నమలడానికో, మాటకో, ఊపిరికో, లేక తనకే కావాలనిపించో చేయించుకుంటే మనమంతా వెనక నిలబడదాం. సంబంధం కుదరాలని పెద్దలే ఒత్తిడి చేస్తే మాత్రం ఆపుదాం. మొద్దుబారిన పెదవితో జీవితాంతం ఉండవలసి వస్తే ఉండేది ఆ పిల్లే, మనం కాదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో వరుల, వధువుల పరిచయానికి ముందు ఒక గంట ముఖ దవడల సర్జన్‌ను పిలిచి తల్లిదండ్రులతో మాట్లాడిద్దాం. మీలో ఈ ఆపరేషన్ చూసినవాళ్లు, చేయించుకున్నవాళ్లు ఉంటే పేర్లు లేకుండా అనుభవం రాయండి. రేపు ఇంకొక ఇంటికి పనికి వస్తుంది.