జాలి ఒక్కటే చాలదు

"ఇక మా చేతుల్లో ఏం లేదండీ, ఇంటికి తీసుకెళ్లండి." క్యాన్సర్ ముదిరిన మనిషి మంచం పక్కన ఈ మాట విన్న కుటుంబాలు మన దగ్గర ఎన్నో. వైద్యం అక్కడితో ఆగిపోయిందనీ, ఆ తర్వాత నర్సు చేసేదంతా జాలితో చేసే సేవేననీ నమ్ముతాం. నేనది ఒప్పుకోను.

మా నాన్నను ఇంటికి తీసుకెళ్లే స్థితి దాటిపోయింది. ఆఖరి రెండు రోజులూ వార్డులోనే. ఊపిరి గరగరలాడుతోంది. మేనత్త నోట్లో తులసి తీర్థం పోయబోతే సిస్టర్ చెయ్యి పట్టుకుంది. "మింగలేరమ్మా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అంటూ దూదిని ఆ తీర్థంలోనే తడిపి అత్తయ్య చేతికిచ్చి, పెదాలకు అద్దించింది. నాన్నకు స్పృహ లేదని తెలిసీ, "బాబాయ్ గారూ, ఇటు తిప్పుతున్నానండీ" అని చెప్పి మరీ పక్కకు ఒత్తిగిలించింది. గరగర కొంచెం తగ్గింది. ఆ చప్పుడు మనకే భయం, ఆయనకు బాధ తెలియదని అమ్మకు నెమ్మదిగా చెప్పింది. అప్పటిదాకా అమ్మ చెవులు మూసుకునే కూర్చుంది.

ఇందులో జాలి ఉంది, నిజమే. కానీ తీర్థం పోయబోయిన అత్తయ్యదీ జాలే కదా! ఆ ఇద్దరికీ మధ్య ఉన్న తేడా పేరు చదువు, అనుభవం.

నొప్పి సంగతీ అంతే. మార్ఫిన్ అనగానే అలవాటైపోతుందని మనవాళ్ల భయం. నొప్పిని బట్టి, వేళ తప్పకుండా ఇస్తే మనిషిని స్థిమితంగా ఉంచే మందది. 1985 నాటి మత్తుమందుల చట్టంతో అది దొరకడమే గగనమైతే, 2014లో సవరించారు. చట్టం మారినా, రాత్రి రెండింటికి మూలుగు విని నొప్పి ఎంతుందో పసిగట్టే నర్సు లేకపోతే ఆ మందు బీరువాలోనే ఉంటుంది. 1967లో లండన్‌లో ఆఖరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ కూడా డాక్టరు కాకముందు నర్సే.

మనం మాత్రం "దేవతమ్మా నువ్వు" అని దండం పెట్టి వచ్చేస్తాం. దేవతకు జీతం పెంచక్కర్లేదు, శిక్షణ ఇప్పించక్కర్లేదు, రాత్రి డ్యూటీలో తోడు ఇంకొకరిని వెయ్యక్కర్లేదు. దండం వద్దు, ఆ ఇంకొక నర్సును వెయ్యమని అడుగుదాం.

నాన్న పోయాక ట్యూబులు తీసి, ముఖం తుడిచి, దుప్పటి సరిచేసి అప్పుడు అమ్మను పిలిచింది సిస్టర్. ఆ కాసేపూ అవతలి మంచం దగ్గర బెల్లు మోగుతూనే ఉంది.