వేలు చూపించే మనిషి

పోయిన ఆదివారం పొద్దున్నే ఖమ్మం నుంచి మా చెల్లెలి ఫోన్. "అక్కా, నువ్వన్నా చెప్పు దానికి. నా మాట వినట్లేదు" అంటూ మొదలెట్టింది.

దాని కూతురికి ముంబైలో ఉద్యోగం. హైదరాబాద్‌లో చదివేటప్పుడు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. ఇప్పుడు రాత్రీ పగలూ ఆగకుండా సముద్రంలో సాగే యాట్ రేసుకి ఒక జట్టులో చేరిందట. "ఆడుకోవాలంటే ఒడ్డున ఆడుకోవచ్చుగా, నడిసముద్రంలో ఏంది ఆ ఆట!" అని చెల్లెలి గోల.

నేనుండేది సారపాకలో. వంతెన దాటితే భద్రాచలం, పాల్వంచ దారి పడితే అడవి. సముద్రం చూసింది జన్మలో రెండుసార్లే. అయినా నీళ్ళంటే ఏమిటో గోదారి మాకు నేర్పింది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇక్కడి పిల్లలకు ఇవి ఎక్కాల్లా నోటికొచ్చు. 2022 జులైలో 71 అడుగులు దాటి వచ్చిన నీళ్ళను చూసినవాళ్ళం. చెల్లెలి భయం నాకు అర్థం కాక కాదు.

పిల్లకి ఫోన్ చేశాను. తిడదామనే చేశాను.

"పెద్దమ్మా, ముందు విను" అంది. నాలుగు గంటలు పని, నాలుగు గంటలు నిద్ర అలవాటు చేసుకుంటున్నారట. చీకట్లో, చేత్తో తడిమి తాడేదో చెప్పగలగాలట. ఒకరి పని ఇంకొకరికి రావాలి, ఎవరికి వాంతులు పట్టుకున్నా పడవ ఆగకూడదు. రాత్రి డెక్ మీదకొస్తే ఒంటికున్న పట్టీని పడవకి తగిలించుకోవాల్సిందే.

అన్నిటికంటే నా మనసులో నాటుకున్నది ఒకటుంది. కెప్టెన్ చెప్పాపెట్టకుండా ఓ డబ్బాను నీళ్ళలోకి విసిరి "మనిషి పడ్డాడు" అని అరుస్తాడట. వెంటనే ఒకరు దానివైపు వేలు చూపిస్తూ నిలబడాలి. తాడు లాగకూడదు, చుక్కాని పట్టకూడదు, తల తిప్పకూడదు. వాళ్ళ పని ఆ వేలు, ఆ చూపు, అంతే. తెరచాప పడవ బ్రేకు వేస్తే ఆగేది కాదు, తిరిగి రావడానికి టైం పడుతుంది. ఈలోగా అలల మధ్య తలకాయ కనపడకుండా పోతుంది.

ఇదంతా ఊరికే రాలేదు. 1998 సిడ్నీ–హోబార్ట్ రేసులో 115 పడవలు బయల్దేరితే తుపానులో చిక్కి గమ్యం చేరినవి 44. ఆరుగురు పోయారు. ఆ తర్వాత అక్కడ భద్రతా నిబంధనలు గట్టిగా బిగించారు.

మన నేవీ ఆడపిల్లలు ఆరుగురు 'తారిణి' మీద భూమి చుట్టొచ్చారు, గుర్తుందా? 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చారు. అందులో ఇద్దరు మన తెలుగువాళ్ళే: విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి. చివరి మజిలీలో స్టీరింగ్ పాడైతే మారిషస్‌లో ఆగి, బాగుచేసుకుని మరీ వచ్చారు. వాళ్ళు కూడా ముందు 'మహదేయ్' అనే పడవ మీద వేల మైళ్ళు తిరిగి నేర్చుకున్నాకే బయల్దేరారు.

వింటుంటే నాకు సిగ్గేసింది. చాన్నాళ్ళ కిందట మేమంతా పోచవరంలో లాంచీ ఎక్కి పాపికొండలు వెళ్ళాం. లైఫ్ జాకెట్లు ఇస్తే, ఉక్కపోస్తోందని తీసేసి తలకింద దిండ్లు చేసుకున్నాం. వేసుకోమని చెప్పినవాళ్ళూ లేరు, అడిగినవాళ్ళూ లేరు. మా చెల్లెలూ ఉంది అందులో, చంకలో ఈ పిల్లతో. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర 77 మందితో బోటు మునిగింది. బతికింది 26 మంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆ దిండ్లే కళ్ళముందు కదిలాయి.

"నువ్వు పడితే వేలు చూపించేది ఎవరే?" అని అడిగాను.

"ముందెవరు చూస్తే వాళ్ళే. అందుకే అందరం నేర్చుకుంటున్నాం పెద్దమ్మా."

చెల్లెలికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "అప్పుడు మనం వెళ్ళిన దానికంటే ఇది వెళ్ళేదే నయమే" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "జాకెట్ మంచిదేనా, సరిగ్గా బిగిసిందో లేదో కనుక్కో అక్కా" అంది.

మీరూ ఈసారి లాంచీ ఎక్కితే పక్కవాళ్ళ జాకెట్ పట్టీ ఓసారి చూడండి. ఏమీ అనుకోరు.