మన యూరిలోనే అతిథులము

సొంత యిల్లుండఁగా అదే యూరి హోటలులో నొక రాత్రి బస చేయుట వ్యర్థవ్యయమని పలువురు తలంతురు. విశ్రాంతికి పుట్టినిల్లు లేదా యని ప్రశ్నింతురు. తల్లి యున్నంతకాలము ఆ మాట చెల్లును. పిమ్మట వదినగారి వంటింట మనమును కొంగు నడుమున దోపవలసినదే కదా!

2024వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వానికి వెచ్చించుచున్నారు. ఇంటనే యుండి విశ్రమింపుమనుట పొయ్యి యెదుట కూర్చుండి పొయ్యిని మఱచిపొమ్మనుట వంటిది.

హైదరాబాదునందలి ఫలక్‌నుమా సౌధము 2010లో హోటలయ్యెను. 101 మంది యొక్కసారి కూర్చుండి భుజింపఁదగిన బల్ల యందు గలదు. బడిపంతుళ్ల జీతములకు అది యందునది కాదు. అంత వైభవమేల? శుభ్రమైన గది, లోపల గడియపడు తలుపు, ఒకరు వండి వడ్డించిన అన్నము చాలును.

అయితే ఒక చిక్కు గలదు. ఆధారు కార్డుపై అదే యూరి చిరునామా చూచి, "స్థానికులకు గది యీయము" అను హోటళ్లు గలవు. ఇది తఱచుగా ఆయా యజమానులు పెట్టుకొన్న నియమమే. కావున ముందుగా ఫోనులో నడిగి, అంగీకరించిన చోటనే సొమ్ము చెల్లింపుఁడు.

పరదేశికి దొరకు గది ఆ యూరి గృహిణికేల దొరకరాదు? మఱునాఁడు ఇల్లు చేరునప్పటికి గిన్నెలు పోగుపడియుండిన నుండనిండు. వానిని తోముట యెంత పనియో ఇంటివారందఱకును ఆ యొక్క దినమైనను తెలియును.