మూసేసిన అర్జీకి తలుపేది?

డిసెంబర్ 10 వస్తే మన ఆశ్రమ పాఠశాలల్లోనూ మానవ హక్కుల దినం జరుపుతాం. వ్యాసరచన పోటీ పెడతాం, ప్రతిజ్ఞ చేయిస్తాం. కమిషన్ అని ఒకటుందనీ, తెల్ల కాగితం మీద తెలుగులో రాసి పంపినా చాలనీ, ఫీజు లేదనీ, వకీలు అక్కర్లేదనీ పిల్లలకు చెబుతాం. అన్నీ నిజాలే. ఆ అర్జీని కమిషన్ మూసేస్తే ఏం చేయాలన్నది మాత్రం చెప్పం. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టంలో, ఫిర్యాదు మూసేస్తే ఫలానా వారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు అని చెప్పే సెక్షన్ ఒక్కటీ లేదు.

ఇది చిన్న లోపమని కొందరంటారు. మన విషయంలో ఇదే అసలు లోపమని నేనంటాను. మన అర్జీలు ఓడిపోయేది విచారణలో కాదు. విచారణ దాకా వెళ్లకముందే.

ఎలా మూసేస్తారో ముందు చూద్దాం. ఏ ఫిర్యాదులు తీసుకోరో కమిషన్ నిబంధనల్లో ఒక జాబితా ఉంది. అస్పష్టంగా ఉన్నవి, పేరు లేనివి, అల్పమైనవి, భూతగాదాల్లాంటి సివిల్ విషయాలు, ఉద్యోగ విషయాలు, కోర్టులో నడుస్తున్నవి, ప్రభుత్వోద్యోగి మీద కానివి, ఇంకెవరికో రాసి కమిషన్‌కు నకలు మాత్రమే పంపినవి. చదివితే న్యాయంగానే ఉంటుంది. ఏజెన్సీ నుంచి వెళ్లే అర్జీని ఈ జాబితా పక్కన పెట్టి చూడండి. పోడు చేనులో కందులు పీకేసి, అడ్డొచ్చిన మనిషిని ఫారెస్టు వాళ్లు కొట్టారనుకోండి. మనవాడు అర్జీలో మొదట భూమి సంగతి రాస్తాడు, తాత కొట్టిన పోడు అని రాస్తాడు, పట్టా కోసం ఎన్నిసార్లు తిరిగాడో రాస్తాడు. దెబ్బల సంగతి మూడో పేజీలో వస్తుంది. ఏ తేదీన, ఏ ఉద్యోగి, ఎంతమంది అన్నది ఉండదు. చదివేవాడికి అది భూతగాదాలా కనిపిస్తుంది. మూసేస్తాడు. ఇంకొకరు భయంతో కలెక్టరుకు, ఎస్పీకి, ఐటీడీఏ పీవోకు, ఎస్టీ కమిషన్‌కు, మానవ హక్కుల కమిషన్‌కు ఒకటే కాగితం జిరాక్సులు తీసి పంపుతారు. ఎవరో ఒకరు వినకపోతారా అని ఆశ. చట్టంలో సెక్షన్ 36 ఏమంటుందంటే, మరో కమిషన్ ముందు ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించకూడదు. అందరికీ చెప్పుకున్నందుకు ఎవరూ వినని పరిస్థితి.

అదే సెక్షన్ 36లో ఇంకో మాట ఉంది. సంఘటన జరిగిన ఏడాది లోపే ఫిర్యాదు రావాలి. పది నెలలు మీ కాగితం అక్కడే ఉండి, తర్వాత ఇది మా పరిధి కాదని జవాబొస్తే, మిగిలిన రెండు నెలల్లో కొండ దిగి, కొత్త అర్జీ రాయించుకుని, సరైన చోటికి పంపాలి. మూసేయడానికి పట్టిన కాలాన్ని ఎవరు తిరిగిస్తారు? ఎవరూ ఇవ్వరు.

ఇక మూసేసే పద్ధతుల్లో అన్నిటికన్నా మర్యాదగా కనిపించేది ఒకటుంది. మీ ఫిర్యాదును సంబంధిత అధికారికి పంపుతున్నాం, ఫిర్యాదుదారును కలుపుకుని 8 వారాల్లో తగిన చర్య తీసుకుని అతనికి తెలియజేయాలి అని రాసి, ఆ మాటతోనే కేసు ముగించడం. సంబంధిత అధికారి ఎవరు? పోలీసుల మీద ఫిర్యాదైతే ఎస్పీ. ఫారెస్టు మీదైతే డీఎఫ్‌వో. హాస్టలు మీదైతే మన శాఖ అధికారే. దొంగ చేతికి తాళాలిచ్చి, ఇంట్లో ఏం పోయిందో లెక్క రాసుకురమ్మన్నట్టు. ఆ 8 వారాల తర్వాత ఏం జరిగిందో కమిషన్ అడగదు, ఎందుకంటే దాని లెక్కలో కేసు ఎప్పుడో అయిపోయింది.

మన శాఖ అన్నాను కాబట్టి టీచర్లం మన సంగతీ మాట్లాడుకోవాలి. ఆశ్రమ పాఠశాలలో ఒక పిల్ల జ్వరంతో చనిపోయింది. తల్లిదండ్రులు రాయించిన ఫిర్యాదు కమిషన్‌కు చేరింది. కమిషన్ నివేదిక అడిగింది. ఆ నివేదిక తిరిగి తిరిగి ఎవరి దగ్గరికొచ్చింది? ఆ పాఠశాల దగ్గరికే. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లు రాసినది, పై అధికారి సంతకంతో నివేదిక అయింది. సకాలంలో ఆసుపత్రికి తీసుకెళ్లాం అని అందులో ఉంది. దాని నకలు మీద అభిప్రాయం చెప్పమని తండ్రికి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ఆయన మాట్లాడేది కువి. తెలుగు అర్థమవుతుంది, చదవలేడు. ఉత్తరం మండల కేంద్రంలో కొన్నాళ్లు, సచివాలయంలో కొన్నాళ్లు ఉండి, సంతకు వచ్చిన వాళ్ల చేతికి ఇచ్చి పంపితే గూడెం చేరింది. అప్పటికి గడువు దాటింది. ఫిర్యాదుదారు స్పందించలేదు, కనుక చెప్పేదేమీ లేదని భావిస్తున్నాం అని కేసు ముగించారు.

చెప్పేదేమీ లేదట. కూతురు పోయిన మనిషికి.

ఫిర్యాదు ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా ఇవ్వవచ్చని నిబంధన ఉంది. తెలుగు అందులో ఉంది. కువి లేదు, కోయ లేదు, గోండి లేదు, సవర లేదు. సరే, తెలుగులోనే రాస్తాం. మరి జవాబు ఇంగ్లీషులో ఎందుకొస్తుంది? అడిగేటప్పుడు మన భాష, కొట్టేసేటప్పుడు వాళ్ల భాషా?

అప్పీలు అంటే పెద్దవాళ్ల వ్యవహారమని అనుకోకండి. మనకు తెలిసిన చట్టాల్లోనే ఉంది. సమాచార హక్కు చట్టం కింద ఒక రోడ్డు బిల్లు నకలు అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని మీద 90 రోజుల్లో రెండో అప్పీలు. అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లో డివిజన్ కమిటీకి, దాని నిర్ణయం మీద మరో 60 రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్లొచ్చు. తిరస్కరిస్తే కారణం రాసి, ఆ మనిషికే తెలియజేయాలని నియమాలు చెబుతున్నాయి. అది ఎంత అమలవుతోందో ఈ పుస్తకం చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కాగితం ఇవ్వని తిరస్కరణలు మన గూడేల్లో ఎన్నో. కానీ నియమం ఉండడం వల్ల ఏమైందో చూడండి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరణకు గురైన వాళ్లను అడవి నుంచి ఖాళీ చేయించమంది. దేశమంతా గోల లేచింది. ఫిబ్రవరి 28న అదే కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపి, అసలు తిరస్కరణలు పద్ధతి ప్రకారం జరిగాయా అని రాష్ట్రాలను అడిగింది. పద్ధతి అనేది చట్టంలో రాసి ఉంది కాబట్టే ఆ ప్రశ్న వేయగలిగారు. మన ఇళ్లు నిలిచింది ఆ ప్రశ్న మీద.

అంటే రోడ్డు బిల్లుకు రెండు అప్పీళ్లు, సెంటు భూమికి రెండు మెట్లు, ఒంటి మీద పడిన లాఠీకి ఒక్క మెట్టూ లేదు.

బయటి దేశం ఉదాహరణ చెబితే మనవాళ్లు నవ్వుతారు, తెలుసు. అయినా ఒకటి చెబుతాను. న్యూయార్క్ నగరానికి సొంత మానవ హక్కుల చట్టం, సొంత కమిషన్ ఉన్నాయి. దేశానికి కాదు, రాష్ట్రానికి కాదు, నగరానికి. ఉద్యోగంలో, అద్దె ఇంటి దగ్గర, దుకాణాల్లో జరిగే వివక్ష మీద అక్కడ ఫిర్యాదు చేస్తారు. అక్కడా మామూలుగా ఏడాదే గడువు. అక్కడా ఫిర్యాదులు కొట్టేస్తారు. కాకపోతే కొట్టేసిన ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ఫిర్యాదుదారు, దీన్ని మళ్లీ చూడండి అని కమిషన్ అధ్యక్షుడికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయవచ్చు. అధ్యక్షుడు దాన్ని సమర్థించవచ్చు, మార్చవచ్చు, రద్దు చేయవచ్చు, ఇంకా దర్యాప్తు చేయమని వెనక్కి పంపవచ్చు. చేయవచ్చు అని కాదు, చూసి తీరాలి. ఆ తర్వాతా నచ్చకపోతే కోర్టు ఉంది. ఆ నగరంలో అందరికీ న్యాయం జరుగుతోందని నేను అనడం లేదు. కొట్టేసిన సంస్థ అధ్యక్షుడే మళ్లీ చూడడం కూడా గొప్ప ఏర్పాటేమీ కాదు. కానీ ఆ కాగితం మీద రెండో మనిషి కన్ను పడుతుంది. ఒక్క నగరం తన చట్టంలో రాసుకున్నది, ఇంత దేశం రాసుకోలేకపోయింది.

మనకూ హైకోర్టు ఉంది కదా అంటారు. ఉంది. 226 అధికరణ కింద రిట్ వేయొచ్చు. వకీలు ఫీజు, బస్సు చార్జీలు, పోయిన కూలి, ఊరు కాని ఊళ్లో రాత్రి బస. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర కమిషన్‌ను 2021లో కర్నూలులో పెట్టారు. పాడేరు నుంచి చూస్తే అది రాష్ట్రానికి అటు చివర. తెలంగాణ కమిషన్ హైదరాబాదులోనే ఉన్నా, 2022 డిసెంబర్ తర్వాత రెండేళ్లకు పైగా అధ్యక్షుడే లేడు. ఆ రెండేళ్లలో ఆదిలాబాద్ కోలాం, భద్రాచలం కోయ ఎవరికి రాసుకోవాలి?

హైకోర్టు దారి నిజంగా వాడుకునేది ఎవరో కూడా చూడాలి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలని 20 మందిని కాల్చి చంపారు. వారిలో తమిళనాడు జవ్వాదు కొండల ఆదివాసులు ఉన్నారు. జాతీయ కమిషన్ అప్పుడు తనంతట తానే కదిలింది. కుటుంబాలకు పరిహారం ఇవ్వాలని, సీబీఐ దర్యాప్తు జరగాలని చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. కమిషన్ మాట నచ్చకపోతే ప్రభుత్వానికి దారి తెలుసు, వకీళ్లున్నారు, ఖజానా ఉంది. అప్పీలు లేదన్నది కాగితం మీద ఇద్దరికీ ఒకటే. బతుకులో మనకు మాత్రమే.

రెండో తలుపు ఉంటే ఏమవుతుందో వాకపల్లి చూపించింది. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. అబద్ధమన్నారు. దర్యాప్తు చేసినవాళ్లు కేసు నిలవదని తేల్చారు. అక్కడితో అయిపోవాల్సింది. కానీ పోలీసులు కేసు మూసేస్తామంటే ఫిర్యాదుదారు మేజిస్ట్రేటు ముందు అభ్యంతరం చెప్పుకునే వీలు క్రిమినల్ చట్టంలో ఉంది. ప్రొటెస్ట్ పిటిషన్ అంటారు. ఆ స్త్రీలు పాడేరు కోర్టులో అదే వేశారు. కేసు బతికింది. హైకోర్టు, సుప్రీంకోర్టు దాటి, విచారణ జరగాల్సిందేనని 2017లో తేలింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను వదిలేసింది. వదిలేస్తూనే దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. వాళ్లకు న్యాయం దక్కిందని నేను అనను. పదహారేళ్లు పట్టింది, శిక్ష లేదు. అయినా దర్యాప్తు సరిగా చేయలేదన్న మాట కోర్టు తీర్పులోకి ఎక్కింది. ఆ తలుపే లేకపోతే, ఆడవాళ్లు అబద్ధమాడారు అన్నదే ప్రభుత్వ కాగితాల్లో చివరి మాటగా ఉండిపోయేది.

కమిషన్ కోర్టు కాదు, సిఫార్సులు చేసే సంస్థ, దానికి అప్పీలేమిటి అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. సిఫార్సు చేసేటప్పుడు కోర్టు కాదు. మూసేసేటప్పుడు మాత్రం ఆ కాగితం విలువ తీర్పుతో సమానం. శాఖాపరమైన విచారణ వస్తే ఆ ఉద్యోగి జేబులోంచి మొదట తీసేది అదే. కమిషనే ఏమీ లేదంది సార్ అంటాడు. ఒక వాక్యంతో మూసేసిన కాగితం వాడికి నిర్దోషి సర్టిఫికెట్టు. ఇంకొందరు ఫైళ్లు పేరుకుపోతాయంటారు. పేరుకుపోతే మనుషులను పెంచండి, ఫైలు తగ్గించడానికి మనిషిని తగ్గించకండి.

దీనికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదని గమనించండి. తన పద్ధతిని తానే నిబంధనలుగా రాసుకునే అధికారం సెక్షన్ 10 కమిషన్‌కు ఇచ్చింది. సెక్షన్ 29 అదే అధికారాన్ని రాష్ట్ర కమిషన్లకూ ఇచ్చింది. మూసేసిన కారణం తెలుగులో రాసి ఇవ్వాలి. మొదట చూసినవాళ్లు కాక వేరే సభ్యుడు 60 రోజుల్లో మళ్లీ చూడాలి. శాఖ ఇచ్చిన నివేదికను ఐటీడీఏ కేంద్రంలో, ఆ మనిషి భాషలో చదివి వినిపించి, అతని నోటి మాటను రాసుకోవాలి. ఆ కాలమంతా ఏడాది గడువులో లెక్కపెట్టకూడదు. కర్నూలు, హైదరాబాదు కమిషన్లు తలచుకుంటే ఈ నిబంధనలకు ఒక సమావేశం చాలు. గడువు లెక్క ఒక్కటి చట్టం మాటతో ముడిపడింది కాబట్టి దానికి సవరణే అడగాలి. అడుగుదాం.

ఈలోగా మన చేతిలో ఉన్న పని. అర్జీ రాసేటప్పుడు తేదీ, స్థలం, ఉద్యోగి హోదా, దెబ్బలు మొదటి పేజీలోనే రాయించండి. భూమి కథ వేరే కాగితం మీద. ఒక్క కమిషన్‌కే పంపండి, నేరుగా దాని పేరుతో. పోస్టు రసీదు గ్రామసభ పుస్తకంలో అంటించండి. చిరునామాలో గూడెం పేరుతో పాటు ఫోను ఉన్న కుర్రాడి నంబరు ఇవ్వండి. ఇంగ్లీషు ఉత్తరం వస్తే అదే రోజు ఆ ఊరి టీచరు చదివి వినిపించాలి, ఆ ఉత్తరం మన పాఠశాల మీదే అయినా సరే. మూసేశామని వస్తే ఊరుకోకుండా, మళ్లీ చూడమని అదే కమిషన్‌కు రాయండి. చట్టంలో అప్పీలు లేదని తెలిసే రాయండి. వచ్చే డిసెంబర్ 10న వ్యాసరచన పోటీకి ఇదే అంశం పెడదాం: కమిషన్ మూసేసిన ఒక అర్జీని మళ్లీ చూడమని కోరుతూ లేఖ రాయండి. మంచివి పది ఎంచి, నిజంగానే పోస్టు చేద్దాం.