పల్నాటి యుద్ధానికి నెవ్‌స్కీ నమూనా పనికిరాదు

రాదుగ, ప్రగతి ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు చదువుతూ పెరిగినవాళ్ళం మనలో చాలామందిమి. సోవియట్ యుద్ధచిత్రాల ప్రస్తావన వచ్చేసరికి మన గొంతులో కాస్త మమకారం పలకడం సహజమే. అది నాకూ ఉంది. అయితే ఆ చిత్రాలను మెచ్చుకుంటూ మిత్రులు తరచుగా వెలిబుచ్చే ఒక కోరికతో మాత్రం నేను ఏకీభవించలేను. "మన పల్నాటి యుద్ధాన్ని కూడా ఎవరైనా అలా తీస్తే ఎంత బాగుండును!" అన్నదే ఆ కోరిక. అలా అంటే ఎలా? సోవియట్ యుద్ధచిత్రాలన్నీ ఒకే అచ్చులో పోసినవి కావు కదా.

ఈ మాట అనేవారి మనసులో సాధారణంగా ఉండేది ఐజెన్‌స్టీన్ 1938లో తీసిన 'అలెగ్జాండర్ నెవ్‌స్కీ'. 1242లో గడ్డకట్టిన సరస్సు మీద ట్యుటానిక్ యోధులను రష్యన్లు ఓడించిన కథ. దాదాపు అరగంట సాగే ఆ పోరాటాన్ని వేసవిలో, కృత్రిమమైన మంచు పరచి చిత్రించారంటే నమ్మడం కష్టం. దిగంతాన సన్నని గీతలా మొదలై క్రమంగా పెరుగుతూ వచ్చే శత్రుసేన, దానితోపాటే పెరిగే ప్రొకోఫియెవ్ సంగీతం. కళాపరంగా వంక పెట్టడానికి నాకు నోరు రాదు. దాని దేశభక్తికి మాత్రం ఒక పూర్వకథ ఉంది. 1939 ఆగస్టులో హిట్లర్‌తో స్టాలిన్ ప్రభుత్వం ఒప్పందం కుదుర్చుకోగానే, జర్మన్లను శత్రువులుగా చూపిన ఈ చిత్రం తెరల మీదినుంచి మాయమైంది. 1941 జూన్‌లో హిట్లర్ దండెత్తగానే మళ్ళీ ప్రత్యక్షమైంది. చిత్రం అదే, అవసరమే మారింది.

పైగా నెవ్‌స్కీ కథకు ఒక వెసులుబాటు ఉంది. శత్రువు పరాయివాడు, ముఖం కనబడకుండా ఇనుప శిరస్త్రాణం తొడుక్కున్నవాడు. పల్నాటి కథకు ఆ వెసులుబాటు లేదు. 12వ శతాబ్ది చివర్లో కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున తలపడినవి గురజాల, మాచెర్ల. నలగామరాజు, మలిదేవరాజు ఒక్క తండ్రి బిడ్డలు. రాయబారం వెళ్ళి విషప్రయోగానికి బలైన అలరాజు స్వయానా నలగాముని అల్లుడు. భర్త ప్రాణం తీసినది పుట్టినింటి పక్షమే అయినప్పుడు, ఆ పేరిందేవి ఎవరి జెండా పట్టుకోవాలి? ఏ దేశాన్ని భక్తితో తలచుకోవాలి?

మనవాళ్ళు ఈ కథను తీయకపోలేదు. 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం'ను గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా, 1946లో ఆయన మరణించిన తరువాత ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. 'నెవ్‌స్కీ' వచ్చిన 1938లోనే రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు, మరుసటి యేడు 'రైతుబిడ్డ'. అటువంటి మనిషిని ఈ కథలో ఆకర్షించినది కత్తులు మాత్రమే అయి ఉండవని నా నమ్మకం. అన్ని కులాలవారినీ ఒక్క చాపమీద కూర్చోబెట్టిన చాపకూడు, దళితుడైన కన్నమదాసు సేనానాయకత్వం ఈ కథలోనే ఉన్నాయి మరి. 1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో ఎన్.టి.రామారావు, భానుమతి మళ్ళీ అదే కథకు ప్రాణం పోశారు. ఇంతా చేస్తే జనం నాలుక మీద మిగిలిన మాట ఒక్కటే: పల్నాటి పౌరుషం.

నా అభ్యంతరమంతా ఆ మాటతోనే. అది ఫ్లెక్సీల మీదికి ఎక్కి చాలాకాలమయింది. 2024 మే 13న పోలింగు రోజునా, ఆ తరువాతా మాచెర్ల, నరసరావుపేట ప్రాంతాలలో జరిగిన దాడులు, విధించిన 144వ సెక్షను మరచిపోయేంత పాతవి కావు. ఇటువంటి నేల మీద అన్నదమ్ముల పోరును నగారాలతో, నెవ్‌స్కీ ఫక్కీలో తీస్తే, ఆ ఇనుప శిరస్త్రాణాన్ని చూసేవాడు ఎవరి తలకు తొడుగుతాడు? పక్కవీధివాడి తలకే.

అందుకని సోవియట్ సినిమాను వదిలేయమనను. అక్కడే మరో దారి ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో స్వయంగా పోరాడి గాయపడి వచ్చిన గ్రిగరీ చుఖ్రాయ్ 1959లో 'బాలడ్ ఆఫ్ ఎ సోల్జర్' తీశాడు. పంతొమ్మిదేళ్ళ అల్యోషా రెండు ట్యాంకులను ధ్వంసం చేస్తాడు, అదీ భయంతో పరుగెడుతూ. పతకానికి బదులు, అమ్మను చూసి ఇంటి పైకప్పు బాగుచేసి వస్తానని సెలవు అడుగుతాడు. దారిలో వాళ్ళకీ వీళ్ళకీ సాయపడుతూ సెలవంతా కరిగించేసుకుంటాడు. తల్లిని చూసేది కొద్ది నిమిషాలే, అదీ నడిరోడ్డు మీద. వాడు తిరిగిరాడని మనకు మొదట్లోనే చెప్పేస్తారు. పోరాట దృశ్యం మొదట్లోనే ముగిసిపోయే ఈ యుద్ధచిత్రంలో ఉన్నంత దేశప్రేమ వెయ్యి గుర్రాల దండులో నాకు కనిపించలేదు. దేశమంటే ఇక్కడ రైలుపెట్టె, గడ్డిమోపులు, కారే కప్పు, ఎదురుచూసే తల్లి.

మన బాలచంద్రుడూ ఆ వయసువాడే. కొడుకును పంపలేక పంపే ఐతాంబ, కాపురమైనా చేయకుండానే కత్తి అందించే మాంచాల, వెంట రావద్దని మిత్రుడు వెనక్కు పంపితే ప్రాణం తీసుకున్న అనపోతు. ఇవన్నీ చుఖ్రాయ్ చేతికి దొరకవలసిన సంగతులు. మన తెరమీద మాంచాల కత్తి అందిస్తే చప్పట్లు మోగుతాయి. అందించిన తరువాత ఆ పిల్ల గదిలోకి వెళ్ళి ఏం చేసిందో కూడా చూపగలిగినవాడు కావాలి నాకు.

డబ్బు సంగతంటారా? బొందార్చుక్ 'యుద్ధము - శాంతి'కి సోవియట్ ప్రభుత్వం వేలాది సైనికులను అప్పగించింది; ఏడు గంటలు దాటిన ఆ చిత్రానికి ఆస్కారూ వచ్చింది. అది మన తరమా అని నిట్టూర్చేవారికి నా జవాబు: కారంపూడి వెళ్ళి చూడండి. ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఆరాధనోత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులపాటు కథంతా ఊరి నడుమ నడుస్తుంది. వీరవిద్యావంతులు పాడతారు, వీరుల ఆయుధాలను మోసుకువస్తారు. ఆ జనంలో నాకు కనిపించేది విజయోత్సాహం కాదు, తద్దినం నాటి గాంభీర్యం. కథలోనూ విజేత లేడు. అంతా ముగిశాక బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగామునికే విడిచి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు.

లేదు, మాకు పరాయి శత్రువే కావాలి, నెవ్‌స్కీయే కావాలి అంటారా? దానికీ పల్నాడులోనే కథ ఉంది. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్న తెల్లదొరల ప్రభుత్వాన్ని ఎదిరించి, 1922 ఫిబ్రవరిలో తుపాకీ గుండ్లకు బలైన మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు కథ. నగారాలు అక్కడ మోగించండి, మొదటి ఆటకే వచ్చి ముందు వరుసలో కూర్చుంటాను.