మూడు కాయితాలు

మా గల్లీలో ఒకామె ఉండేది. పేరెందుకు లెండి. తల్లిగారిల్లు ఆదిలాబాద్, కాపురం ఇక్కడ కరీంనగర్‌లో. భర్త కొట్టినప్పుడల్లా పెద్దమనుషులు కూర్చునేవాళ్లు. మూడుసార్లు పంచాయితీ అయింది. మూడుసార్లూ ఆయన "ఇక చెయ్యి చేసుకోను" అని కాయితం మీద సంతకం పెట్టాడు. ఆ కాయితాల్ని ఆమె బీరువాలో చీరల కింద దాచుకుంది. నాలుగోసారి నుదురు పగిలి మా ఇంటికొచ్చింది. గాయానికి పసుపు అద్దుతూ, "పిల్లల మొహం చూసి సర్దుకపో చెల్లే" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

అప్పుడు నాకు తెలిసినవి రెండే దారులు. సర్దుకుపోవడం, లేదంటే కేసు పెట్టి విడాకులు తీసుకోవడం. మూడో దారి ఒకటుందని తర్వాత తెలిసింది. అదే గృహహింస చట్టం. 2005లో చేశారు, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దీని కింద మెజిస్ట్రేట్ ఇచ్చే రక్షణ ఉత్తర్వు విడాకులు కాదు, భర్తను జైలుకు పంపడమూ కాదు. "ఆమెను కొట్టొద్దు, బెదిరించొద్దు" అని కోర్టు గీసే గీత. కాపురం చేస్తూనే అడగొచ్చు. ఇంట్లోంచి గెంటెయ్యకుండా ఆపమనీ అడగొచ్చు. కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

పెద్దమనుషుల ముందు రాసిన కాయితాన్ని తప్పితే ఏమైంది? మళ్లీ పంచాయితీ, మళ్లీ చాయ్. అదే కోర్టు రక్షణ ఉత్తర్వును తప్పితే నేరం. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రెండూ కాయితాలే. వాటి వెనక ఎవరు నిలబడతారన్నదే తేడా.

"కోర్టంటే ఏళ్లు పడుతుంది కదా" అంటారు. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో పెట్టాలనీ, ఆ తర్వాత 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలనీ చట్టంలో ఉంది. వాయిదాలు పడే మాట నిజమే. అందుకే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు అడగాలి. అవసరమనిపిస్తే అవతలి వాళ్లు రాకముందే కోర్టు ఇవ్వొచ్చు. తల్లిగారింట్లో తలదాచుకుంటే అక్కడి కోర్టులోనే వేసుకోవచ్చు. ఆమె ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు తిరగక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయం చూడకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. దారి చెప్పడానికి 181 నంబరు ఉంది, సఖి కేంద్రాలు ఉన్నాయి.

ఇవన్నీ చెప్పేలోపే ఆమె వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

ఇంకోసారి ఎవరైనా నా తలుపు తడితే, పసుపు డబ్బా కంటే ముందు ఫోన్ తీస్తాను. గాయం ఫోటో తీసి, తారీఖు రాసి పెడతాను. ఆస్పత్రికి తోడు పోతాను. రేపు కోర్టులో "నేను చూశాను" అని చెబుతాను. గోడ అవతలి ఏడుపు మనకు వినపడుతూనే ఉంటుంది. సర్దుకపొమ్మని చెప్పడం తేలిక, సాక్ష్యం చెప్పడమే కష్టం. ఆ కష్టం మనం పడాలి.